స్టేడియం ముందు ఉన్ని బంతి

దయావతి గారిని మా కాలనీలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. కూరగాయల బండివాడికీ, లిఫ్టు బాగుచేసేవాడికీ, గుళ్లో పంతులుకీ కూడా ఆవిడ సిస్టరే. కట్టుకున్న భర్త ఆమోసు గారు సైతం కోపం వస్తే తప్ప సిస్టర్ అనే పిలుస్తారు. ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫై ఏళ్ల పైబడి నర్సుగా చేసిన మనిషి కాబట్టి ఆ పిలుపు ఒంటికి పట్టేసింది. అయితే నేను చెప్పబోయేది ఆవిడ ఉద్యోగం గురించి కాదు. ఢిల్లీ పక్కన, ఘజియాబాద్‌లోని మా ఇందిరాపురం అంచున లేచిన స్టేడియాన్ని ఊరి పరం చేసింది ఆవిడేనని నా వాదన. మా ఆయన సుధీంద్ర దీన్ని ఒప్పుకోరు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. ఫైలు మీద సంతకం పెట్టని మనిషి ఊరికి పనికొచ్చే పని చేసిందంటే ఆయనకు నమ్మకం కుదరదు.

సిస్టర్ పుట్టింది నరసాపురం దగ్గర. తండ్రి గోదావరి మీద లాంచీ నడిపే సరంగు. చిన్నప్పుడే మిషన్ వాళ్ల బోర్డింగు బడిలో వేశారు. అక్కడ చదువు ఎంత అబ్బిందో గానీ, బాల్ బ్యాడ్మింటన్ మాత్రం ఒంట్లోకి దిగిపోయింది. ఈ ఆట తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, మధ్యలో వల. చేతిలో బరువైన చెక్క బ్యాటు. కొట్టేది ఈకల షటిల్ కాదు, నిమ్మకాయ కన్నా కొంచెం పెద్దగా ఉండే పసుపు రంగు ఉన్ని బంతి. అది నేలను తాకకూడదు. ఆరుబయట, మట్టి నేల మీద ఆడతారు. మా అనంతపురంలోనూ ఆడేవాళ్లు గానీ, కోస్తా బోర్డింగు బడుల ఆడపిల్లల ఊపు ముందు మేమెంత?

డెబ్బై అయిదులో ఉద్యోగం వచ్చి ఢిల్లీ చేరినప్పుడు ట్రంకు పెట్టెలో బైబిలు పక్కన రెండు బ్యాట్లు పెట్టుకుని రైలెక్కిందట. నర్సుల హాస్టల్లో ఆ ఆట తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. పాపం, గోడకేసి కొట్టుకునేది. గోడ సున్నం రాలిపోతోందని వార్డెన్ కేకలేస్తే, "సున్నం నేనే వేస్తానండీ, గోడ మాత్రం నాకొదిలేయండి" అందట. ఆమోసు గారు అదే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేవారు. తెనాలి మనిషి. పెళ్లిచూపుల్లో ఆయన అడిగింది ఒక్కటే.

"పెళ్లయ్యాక కూడా ఆడతావా?"

"ఆడతాను. మీరు వంట చేస్తారా?"

చేస్తానన్నారు. ఇప్పటికీ చేస్తున్నారు. ఆయన చేపల పులుసు తిన్నాక నేను సుధీంద్ర వంక చూసే చూపులో చాలా అర్థాలుంటాయి, ఆయన ఒక్కటీ పట్టించుకోరు.

వాళ్లూ మేమూ ఇందిరాపురం వచ్చింది ఒకే ఏడాది. అప్పటికి ఇక్కడ సగం అపార్టుమెంట్లు, సగం ఆవపొలాలు. మా కాలనీ గోడకీ జాతీయ రహదారికీ మధ్య పెద్ద ఖాళీ నేల ఉండేది. సిస్టర్ ఆ నేలను చూసిన చూపు, పెళ్లికూతురు పట్టుచీరను చూసిన చూపు. వారం తిరక్కుండా తమ తెలుగు చర్చి నుంచి ముగ్గురు నర్సులను పట్టుకొచ్చింది, రెండు వెదురు గడలు పాతింది, వల కట్టింది. నాకు అప్పుడే షుగరు బయటపడితే డాక్టరు నడవమన్నాడు. ముఖం వేలాడేసుకుని ఆ నేల చుట్టూ తిరుగుతుంటే ఆవిడే పిలిచింది.

"ఇంద్రజా, ఒట్టినే నడిస్తే చెప్పులరుగుతాయి గానీ షుగరరగదు. రా, బ్యాటు పట్టుకో."

"నాకు రాదు సిస్టర్. ఎప్పుడో ఇస్కూల్లో ఆడింది."

"రాదని నీ చెయ్యి చూస్తేనే తెలుస్తుంది. ఎదటోళ్లకి ఎవరో ఒకరు పాయింట్లివ్వాలి కదా."

అలా నేను ఎదుటివాళ్లకు పాయింట్లిచ్చే ఉద్యోగంలో చేరాను. నన్ను చూసి ధైర్యం తెచ్చుకుని ఇంకొంత మంది చేరారు. సాయంత్రాలు రెండు జట్లు నిండేవి. పక్కనే ఎండ పడే గోడ వారగా పంజాబీ ఆడవాళ్లు మంచాలు వేసుకుని స్వెట్టర్లు అల్లేవాళ్లు. వాళ్ల పెద్ద స్వరణ్ ఆంటీ. అల్లిక సూదులు ఆపకుండానే మా ఆటను చూసి, బంతి కింద పడినప్పుడల్లా నాలుక చప్పరించేది. ఎక్కువసార్లు నా వైపే చప్పరించిందని నాకు తెలుసు.

రెండువేల అయిదులో ఆ నేలలో పెద్ద బోర్డు లేచింది. స్టేడియం, దాని ముందు దుకాణాలు, దుకాణాల మీద ఆఫీసులు, వాటి మీద ఫ్లాట్లు, అన్నీ ఒకేచోట కడతారట. కాలనీ అంతా గొల్లుమంది. దుమ్ము అన్నారు, ట్రాఫిక్ అన్నారు, తాగుబోతులు చేరతారన్నారు. సుధీంద్ర అయితే "ప్రపోజల్ స్టేజిలో ఉన్నదేదీ పూర్తికాదు, ఊరికే కంగారుపడకండి" అని తేల్చేశారు. ఆడే నేల పోతోంది కదా, సిస్టరే ముందుండి పోట్లాడుతుందని అందరం అనుకున్నాం. ఆవిడ పోట్లాడలేదు సరికదా, సంతోషించింది. నాకు ఒళ్లు మండింది.

"మన నేల తీసుకుంటాంటే నవ్వుతాండారేమి సిస్టర్?"

"నీకేం తెలుస్తుందమ్మా, నువ్వు ఇంటిపట్టున ఉంటావు. నేను డ్యూటీ దిగి హైవే మీద బస్సు దిగితే, ఇక్కడిదాకా ఒక్క దీపం ఉండదు. మొన్న మా నర్సు మెళ్లో గొలుసు ఎవడో తెంపుకుపోయాడు. అరిస్తే వినేవాడు లేడు. నాలుగు కొట్లుంటే నలుగురు మనుషులుంటారు. నలుగురు మనుషులుంటే ఆడది నడిచి ఇంటికెళ్తాది. ఊరంటే అదే కదా."

"మరి ఆట?"

"ఆ బోర్డు మీద బొమ్మ చూడలేదా? కొట్లకీ స్టేడియానికీ మధ్య పెద్ద నేల వదిలారు. పిల్లలూ ఆడోళ్లూ తిరుగుతున్నట్టు బొమ్మేశారు. ఆళ్లేసిన బొమ్మే కదా, నిలబెట్టుకోమందాం."

ఆ కట్టుబడి జరిగిన మూడేళ్లూ మేం ఎక్కడపడితే అక్కడ ఆడాం. కార్లు ఆపే చోట ఆడితే అద్దాలు పగులుతాయని తరిమారు. పార్కులో ఆడితే పూలమొక్కలన్నారు. అయినా సిస్టర్ మాట నిజమవుతూ వచ్చింది. స్టేడియం గోడలు లేవకముందే రోడ్డు వెడల్పయింది. సిమెంటు లారీల కోసమైనా సరే, స్తంభాలు పాతి దీపాలు పెట్టారు. హైవే మూల మీద బస్సు ఆగేచోటికి పైకప్పు వచ్చింది. కూలీల కోసం పెట్టిన టీ కొట్టు దగ్గర మా కాలనీ మగవాళ్లు కూడా నిలబడటం మొదలుపెట్టారు. స్టేడియం వద్దని అందరికన్నా గట్టిగా అరిచినవాళ్లు తమ ఫ్లాట్లు అమ్మడానికి పెట్టిన ప్రకటనల్లో 'స్టేడియానికి ఎదురుగా' అని రాసుకున్నారు. నోరు ఒకటే, మాట మార్చుకోవడానికి సిగ్గెందుకు?

రెండువేల ఎనిమిది దసరాలకు ప్రారంభించారు. పటాకులు కాల్చారు, క్రికెట్ పోటీ పెట్టారు, ఘజియాబాద్ సగం ఇక్కడే ఉందా అన్నంత జనం. ఆ రోజు సిస్టర్ కొత్త చీర కట్టుకుని వచ్చింది. మరునాడు చూస్తే గేటుకు గొలుసు. ఇల్లు అలకగానే పండగవుతుందా? మ్యాచ్ ఉంటేనే గేటు తీస్తారట, మ్యాచ్ ఉంటేనే లోపలి దీపాలు వేస్తారట. మ్యాచులేమో నెలకొకటి కూడా లేవు. మధ్యలో వదిలిన నేల, గట్టిగా రోలరు తొక్కించిన మంచి మట్టి నేల, గొలుసు వెనక ఖాళీగా పడి ఉంది. పైగా దాన్ని చుట్టి వెళ్లాల్సి రావడంతో బస్సు దిగినవాళ్లకు దారి ఇంకా దూరమైంది. ముందుకొచ్చి దుకాణాలు తీసుకున్నవాళ్లు ఈగలు తోలుకుంటున్నారు. మిగతా షట్టర్లు తెరుచుకోనేలేదు.

ఫిబ్రవరిలో ఒక కబురు తెలిసింది. ఆ నేలను కార్ల పార్కింగు చేస్తారట. స్తంభాలూ అడ్డగడలూ వచ్చేశాయట. సిస్టర్ నన్ను లాక్కుని స్టేడియం మేనేజరు దగ్గరికి బయల్దేరింది. మేనేజరు పేరు దశరథ్ త్యాగి, ఈ చుట్టుపక్కల ఊరి మనిషే. చెడ్డవాడేం కాదు. మాకు కుర్చీలు వేయించి టీ చెప్పాడు. వాళ్లు హిందీలో మాట్లాడుకున్నది నేను తెలుగులో పెడుతున్నాను.

"సిస్టర్‌జీ, నా చేతిలో ఏముంది? దుకాణాల వాళ్లు పార్కింగు కావాలంటున్నారు. కారు ఆగితేనే బేరం అంటున్నారు."

"కారు ఆగితే కారే ఆగుతుంది బాబూ. నీకు కావాల్సింది మనిషి ఆగడం. మ్యాచ్ ఉన్న రోజు జనాన్ని ఎవడైనా తెస్తాడు. మ్యాచ్ లేని రోజు తేవాలి."

"ఎవరు తెస్తారు?"

"నేను తెస్తాను. గేటు తియ్యి."

త్యాగి నవ్వాడు. వెటకారం కాదు, సరదా పడ్డాడు. కాస్త ఆలోచించి, "సరే, ఈ ఆదివారం సాయంత్రం గేటు తీస్తాను. షాపుల వాళ్లందర్నీ ఉండమంటాను. జనం వస్తే వాళ్ల కళ్లతో వాళ్లే చూస్తారు. రాకపోతే సోమవారం స్తంభాలు పాతేస్తాను, తర్వాత నన్నేమీ అనకూడదు" అన్నాడు.

బయటికొచ్చాక సిస్టర్ గేటు గొలుసు పట్టుకుని ఖాళీ నేల వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఏమయింది సిస్టర్? ఒప్పుకున్నాడు కదా."

"ఇంకో రెండేళ్లలో రిటైరైపోతాను ఇంద్రజా. ఇది పోతే ఇంకో నేల ఎతుక్కునే ఓపిక నాకు లేదు. బాల్కనీలో కూచుని ఆ కార్లు చూసుకుంటా ముసలిదాన్నైపోవాలి. దీపాలొస్తాయి, మనుషులొస్తారు అని అందరికీ చెప్పింది నేను. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆ గొంతులో ఉన్న దిగులు నాకు నచ్చలేదు. ఇంటికెళ్లి సుధీంద్ర మీద అరిచాను. ఆయన తప్పేం లేదు, ఎదురుగా ఉన్నారంతే.

ఆదివారానికి అన్నీ సిద్ధమయ్యాయి, ఒక్క బంతులు తప్ప. మా పాత బంతులు అరిగి పీచులు తేలిపోయాయి. బెజవాడ నుంచి ఆమోసు గారి తమ్ముడు కొత్తవి తెస్తానన్నాడు, తీరా చూస్తే ప్రయాణం మానుకున్నాడు. ఢిల్లీలో ఏ ఆటవస్తువుల కొట్లోనూ ఆ బంతి దొరకదు. సిస్టర్‌కి శనివారమూ ఆదివారం పొద్దుటా డ్యూటీ. దిక్కుతోచక మెట్ల మీద నిలబడ్డ మమ్మల్ని స్వరణ్ ఆంటీ కదిపింది. సంగతి విని పగలబడి నవ్వింది.

"ఊన్ కా గోలా? బస్? ఉన్ని ఉండ, అంతేనా? అరే సిస్టర్, ఇన్నేళ్లుగా ఎదురుగా కూర్చున్నాను, నన్నడగడానికి నామోషీనా?"

ఆ మాట నిజమే. ఢిల్లీలో ఉన్నికి కరువా, ఉన్ని చుట్టే చేతులకు కరువా? సిస్టర్ ఒక పాత బంతి ఆవిడ చేతిలో పెట్టి, ఇంత సైజు, ఇంత గుండ్రం అని చెప్పి డ్యూటీకి పరిగెత్తింది. ఆదివారం మధ్యాహ్నానికి స్వరణ్ ఆంటీ బృందం బుట్టెడు బంతులు తెచ్చింది. పసుపు రంగు, చూడముచ్చటగా, అన్నీ ఒకే అచ్చు. సిస్టర్ ఆసుపత్రి నుంచి తిన్నగా నేలకే వచ్చింది. ఒక బంతిని చేత్తో నొక్కి చూసింది.

"కాస్త మెత్తగా ఉందే."

"కొత్తవి గదా సిస్టర్, ఆడేకొద్దీ బిగుస్తాయిలే" అన్నాను, నాకేదో తెలిసినట్టు. అప్పటికే షాపుల వాళ్లు గుమ్మాల్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆలస్యం చేసే వీల్లేదు.

చూడ్డానికి వచ్చినవాళ్లు మా మొగుళ్లు, మా పిల్లలు, ఇద్దరు వాచ్‌మన్లు. అంతే. అంత పెద్ద నేలలో వాళ్లు ఓ మూలకు సరిపోయారు. త్యాగి గడియారం చూసుకుంటున్నాడు. పార్కింగు కోసం అందరికన్నా పట్టుబట్టిన మిఠాయి కొట్టు గుప్తాగారు అప్పుడే తల అడ్డంగా ఊపుతున్నారు. సిస్టర్ చీర కుచ్చిళ్లు బొడ్లో బిగించి సర్వీసు చేసింది. మావైపు నుంచి ఎవరో తిప్పి కొట్టారు. బంతి పైకి లేచింది. సిస్టర్ రెండడుగులు వెనక్కి వేసి, భుజం మీదుగా ఒక్కటి వేసింది చూడండి, ఫట్!

బంతి పేలిపోయింది. పసుపు దారం పాములా వల మీదుగా వచ్చి నా మెడకు చుట్టుకుంది. రెండో బంతి తీశారు. దాని దారం సగం వల మీద, సగం రిఫరీ అవతారమెత్తిన ఆమోసు గారి కళ్లజోడు మీద. మూడోది గాల్లోనే విడిపోయి మిఠాయి కొట్టు ముందు జిలేబీ కడాయి దాకా వెళ్లింది. మా పిల్లలే ముందు నవ్వారు. తర్వాత వాచ్‌మన్లు. గుప్తాగారు పొట్ట పట్టుకుని నవ్వారు. సిస్టర్ వంగి దారం ఏరుకుంటోంది, తల ఎత్తడం లేదు. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయని నాకు తెలుసు. ఆ క్షణాన స్వరణ్ ఆంటీని ఆ దారంతోనే చుట్టేయాలన్నంత కోపం వచ్చింది.

స్వరణ్ ఆంటీ మాత్రం నిబ్బరంగా లేచి, నేల మధ్యకు నడిచొచ్చి, నా మెడలోంచి దారం తీసి వేళ్లకు చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఖరాబ్ నహీ హువా. ఖుల్ గయా, బస్. చెడలేదు, విడిపోయిందంతే. నవ్వుతారేమిటి? మీ స్వెట్టర్లన్నీ ఇలా చుట్టిన ఉన్నితోనే అల్లారు!"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. అల్లేవాళ్లు ఉన్నిని ఎప్పుడూ బిగించి చుట్టరట. బిగిస్తే ఉన్ని సాగి ప్రాణం పోతుందట. వేళ్లు మధ్యలో పెట్టి వదులుగా చుట్టి, కొస చేతికి దొరికేలా దోపుతారు, లాగితే హాయిగా విడిపోవాలి. ఆవిడ చేతులు యాభై ఏళ్లుగా చేస్తున్న పనే చేశాయి. సిస్టర్ అది విని తన చేతిలోని దారాన్ని లాగి చూసింది. ఉన్నట్టుండి ఆవిడకీ నవ్వొచ్చింది.

"తప్పు నాదే ఆంటీ. నాకు ఆట తెలుసు గానీ అల్లిక తెలీదు. మీకు అల్లిక తెలుసు గానీ ఆట తెలీదు. ఇద్దరం కలిసి ఊరందరికీ తమాషా చూపించాం" అంది హిందీలో. తర్వాత మా వైపు తిరిగి తెలుగులో కేకేసింది. "చూస్తారేంటే అందరూ? కూచోండి! బిగించి చుట్టండి, వేళ్లు నొప్పెట్టాలి!"

ఆడేవాళ్లం పదిమందిమీ, అల్లేవాళ్లందరూ దుకాణాల మెట్ల మీద కూలబడ్డాం. ఒకళ్లు చుట్టాలంటే ఒకళ్లు దారం లాగి పట్టుకోవాలి. చేతులు చాల్లేదు. పిల్లలను కూర్చోబెట్టాం. ఆమోసు గారు కూర్చున్నారు. భారత ప్రభుత్వ అండర్ సెక్రటరీ గారు రెండు చేతులూ చాచి ఉన్ని దారపు చుట్ట పట్టుకుని నిలబడ్డారు. ఆ దృశ్యం వాళ్ల ఆఫీసు వాళ్లకు చూపించలేకపోయానే అని నాకిప్పటికీ బాధ. దారాలు నేలకు అడ్డంగా ఈ మెట్ల నుంచి ఆ మెట్లకు సాగాయి. బస్సు దిగి వస్తున్నవాళ్లు, గేటు తీసి ఉంది కదా, దగ్గరి దారని లోపలికొచ్చారు. వచ్చి దారాల దగ్గర ఆగిపోయారు. ఇదేమిటని అడిగిన ప్రతి ఆడదాని చేతిలో స్వరణ్ ఆంటీ ఒక కొస పెట్టేసింది. ఆఫీసుల నుంచి వచ్చే అమ్మాయిలు హ్యాండ్‌బ్యాగులు పక్కన పడేసి కూర్చున్నారు. పై ఫ్లాట్ల వాళ్లు బాల్కనీల్లోంచి చూసి కిందికి దిగారు. గంట క్రితం మా మొగుళ్లు తప్ప దిక్కులేని నేలలో కాలు పెట్టే చోటు లేదు.

చీకటి పడుతుంటే దారం కనిపించడం లేదని ఎవరో అరిచారు. త్యాగి తానే వెళ్లి స్టేడియం ముందున్న పెద్ద దీపాలు వేశాడు. మ్యాచ్ లేని రోజున ఆ దీపాలు వెలగడం అదే మొదలు. జనం ఓ అని కేక పెట్టారు. గుప్తాగారి సమోసాలు అయిపోయాయి. మళ్లీ బంగాళాదుంపలకు మనిషిని తరిమారు. మందుల కొట్టతను తన కుర్చీలన్నీ బయట వేశాడు. చుట్టిన బంతి మీద స్వరణ్ ఆంటీ కొక్కెం సూదితో గట్టిగా కుట్లు వేసి, నేలకేసి కొట్టి, "అబ్ మార్! ఇప్పుడు కొట్టు!" అని సిస్టర్ మీదికి విసిరింది.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పొద్దుటి నుంచి వార్డులో నిలబడి వచ్చిన మనిషి, ఆ దీపాల కింద గాలిలా తిరిగింది. ముందు ఆడింది, వెనక ఆడింది. పడిపోతుందనుకున్న బంతిని మోకాళ్ల మీద వంగి లేపింది. తాము చుట్టిన బంతి కదా, ప్రతి దెబ్బకూ మెట్ల మీద ఆడవాళ్లు ఊపిరి బిగబట్టారు. బంతి నిలిచినప్పుడల్లా చప్పట్లు. ఆట తెలియని వాళ్లే అందరికన్నా గట్టిగా లెక్కపెట్టారు. మా జట్టు ఓడిపోయింది. నా వంతు సేవ నేను లోటు లేకుండా చేశాను. ఆఖరి పాయింటు సిస్టర్ నా తల మీదుగా కొట్టింది, నేను చూస్తూ నిలబడ్డాను, సంతోషంగా నిలబడ్డాను. జనం నేలలోకి ఉరికొచ్చేశారు. ఆమోసు గారు కళ్లజోడు తుడుచుకుంటూ "మా సిస్టరండీ, మా సిస్టర్" అని దారినపోయే ప్రతివాడికీ చెబుతున్నారు.

గుప్తాగారు ఒక పళ్లెం నిండా వేడి సమోసాలు తెచ్చి సిస్టర్ ముందు పెట్టారు.

"సిస్టర్‌జీ, మళ్లీ ఎప్పుడు?"

"రేపు."

"రోజూ ఆడతారా?"

"రోజూ గేటు తీస్తే రోజూ ఆడతాం."

గుప్తాగారు త్యాగి వైపు తిరిగారు. మిగతా దుకాణాల వాళ్లూ తిరిగారు. త్యాగి రెండు చేతులూ ఎత్తేశాడు. సోమవారం స్తంభాలు పాతడం పాతారు, స్టేడియం వెనక పక్కన. కార్లు అక్కడ ఆగుతాయి, మనుషులు నడిచి ముందుకొస్తారు. మా నేలకు సున్నంతో గీతలు గీశారు. ఒక కోర్టు అనుకుంటే రెండయ్యాయి.

ఆ వేసవికల్లా మూతపడ్డ షట్టర్లు ఒక్కొక్కటీ లేచాయి. పిల్లల డాక్టరు వచ్చాడు, కుట్టుపని నేర్పే ఆవిడ వచ్చింది, ఇడ్లీ దోసెల కొట్టు వచ్చింది. పై అంతస్తుల ఆఫీసుల్లో మా కాలనీ ఆడపిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, ఢిల్లీ దాకా బస్సుల్లో నలగక్కర్లేకుండా. చోటు తెలిసింది కాబట్టి బడుల వాళ్లు స్టేడియాన్నే ఆటల పోటీలకు అడగడం మొదలుపెట్టారు. దాంతో లోపలా బయటా సందడే. డ్యూటీ దిగిన నర్సులు ఆ నేల మధ్యలోంచి కబుర్లు చెప్పుకుంటూ నడిచి వెళతారు. స్టేడియం కట్టినవాళ్లు ఊరికి ఏమేం మేలు జరుగుతుందని బోర్డు మీద రాశారో అదంతా జరిగింది. కాకపోతే ఊరు లోపలికి వచ్చాకే జరిగింది.

ఇది జరిగిన ఏడాదే నవంబరులో ఒక సాయంత్రం సిస్టర్ ఆసుపత్రి నుంచి వచ్చి, ఇంటికి కూడా వెళ్లకుండా బ్యాటు పట్టుకుని నాతో నేలకు వచ్చింది. రెండు కోర్టులూ నిండి ఉన్నాయి. చూస్తే ఒక్క ముఖం తెలిసింది కాదు. కొత్త క్లినిక్కులో చేరిన నర్సులు కొందరు, బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయిలు, ఎవరో పంజాబీ కోడళ్లు. అందరూ హిందీలో అరుచుకుంటూ మా బంతితో మా ఆట ఆడుతున్నారు. సిస్టర్ గీత దాటి లోపలికి అడుగుపెట్టబోతే ఒక అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆంటీ, లైన్ మే ఆయియే. దో గేమ్ కే బాద్ ఆప్‌కా నంబర్."

వరసలో కూర్చోవాలట, రెండు ఆటలయ్యాక మా వంతట. నాకు నషాళానికంటింది. ఈవిడెవరో తెలుసా, ఈవిడ లేకపోతే ఇక్కడ నీ ఆట కాదు, కార్లుండేవి అని ఆ పిల్లకు చెప్పడానికి నోరు తెరిచాను. సిస్టర్ నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"నోరు ముయ్యి ఇంద్రజా."

లాక్కెళ్లి మెట్ల మీద కూర్చోబెట్టింది. మా ముందు ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. ఆవిడ బ్యాటు ఒళ్లో పెట్టుకుని ఆ రెండు కోర్టులనూ మార్చి మార్చి చూసింది. ముఖం వెలిగిపోతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"నిన్నటిదాకా నేనొస్తేనే ఆట. ఇప్పుడు నేనెవరో కూడా తెలీకుండా ఆడతన్నారు. ఇంక ఈ గేటు ఎవడు మూస్తాడే!"